ఆయుధాలు అప్పగించాక కూడా మిగిలే సంఘాలు: వాటిని కొలవడం ఎలా, మూయించడం ఎలా

పారామిలిటరీ అనగానే మనకు సీఆర్‌పీఎఫ్ గుర్తొస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ పారామిలిటరీలంటే చట్టం నిషేధించిన సాయుధ సంఘాలు. ఐర్లండ్‌లో కలవాలనే, ఎక్కువగా క్యాథలిక్కులైన రిపబ్లికన్ల వైపు ఐఆర్‌ఏ, ఐఎన్‌ఎల్‌ఏ ఉన్నాయి. బ్రిటన్‌తోనే ఉండాలనే, ఎక్కువగా ప్రొటెస్టెంట్లైన లాయలిస్టుల వైపు యూవీఎఫ్, యూడీఏ ఉన్నాయి. బ్రిటన్ 2000నాటి ఉగ్రవాద చట్టం రెండో షెడ్యూల్లో ఉత్తర ఐర్లండ్‌కు సంబంధించినవి ఇలాంటివే 14 పేర్లు కనిపిస్తాయి. ముప్ఫై ఏళ్ళ పోరులో 3,500 మందికి పైగా చనిపోయారు. 1994లో కాల్పుల విరమణలు వచ్చాయి, 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందమనే శాంతి ఒప్పందం కుదిరింది, 2010 నాటికి పెద్ద సంఘాలు ఆయుధాలు వదిలేశాయి. అయినా 2015 అక్టోబరులో ప్రభుత్వమే చేయించిన అంచనాలో తేలింది ఇది: పోరు కాలంలో ఉన్న ముఖ్య సంఘాలన్నీ ఏదో ఒక రూపంలో ఇంకా బతికే ఉన్నాయి.

అలాంటి సంఘాల మీద కన్నేసి ఉంచే వ్యవస్థను ఎలా కట్టాలో, ఆ వ్యవస్థ ఇచ్చే నివేదికను ఎలా చదవాలో ఉత్తర ఐర్లండ్ అనుభవంతో చెప్తున్నాం. పాలనా విభాగాల్లో పనిచేసేవాళ్ళకూ, పరిశోధకులకూ, విలేకరులకూ పనికొస్తుంది. ఒక తేడా ముందే గుర్తుంచుకోండి. మన దగ్గర లొంగుబాటు అంటే ఒక మనిషి ఎస్పీ ముందుకొచ్చి తుపాకీ పెట్టి, రివార్డు చెక్కు తీసుకుని ఇంటికెళ్ళడం. అక్కడి సమస్య ఒక్కో మనిషిది కాదు. సంఘం మొత్తంగా ఎప్పుడు ముగిసిందని చెప్పగలం, అది ఎవరు చెప్పాలి అన్నదే అక్కడి సమస్య.

మూడు పనుల్ని విడదీయండి

ఆయుధాలు పోయాయా? సంఘం ఇప్పుడు ఏం చేస్తోంది? ఆ సంఘం అసలు లేకుండా పోవాలంటే ప్రభుత్వం చేయాల్సింది చేస్తోందా? ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకే కమిటీకి మూడూ అప్పగిస్తే ఏదీ తేలదు. ఉత్తర ఐర్లండ్‌లో మూడింటికీ మూడు సంస్థలు పెట్టారు. ఆయుధాలకు కెనడా జనరల్ జాన్ డి చాస్టలిన్ నడిపిన అంతర్జాతీయ కమిషన్, ప్రవర్తనకు 2004 నుంచి 2011 దాకా పనిచేసిన ఐఎంసీ అనే పర్యవేక్షక కమిషన్, ముగింపు పనులకు 2017లో మొదలైన ఐఆర్‌సీ అనే నివేదికల కమిషన్. ఆయుధాలు తీసుకునేవాడికి సంఘం నమ్మకం కావాలి. తప్పు ఎత్తిచూపేవాడు ఆ నమ్మకాన్ని పోగొట్టుకోడానికి సిద్ధపడాలి. ఒకే మనిషి ఈ రెండూ చేయలేడు.

ఆయుధాల లెక్క

తీసుకోడానికి ముందే బ్రిటన్, ఐర్లండ్ రెండు దేశాల భద్రతా సంస్థల నుంచి ఒక అంచనా జాబితా రాయించుకోండి. ఇన్ని రైఫిళ్ళు, ఇంత పేలుడు పదార్థం ఉండొచ్చని. అది లేకుండా ఎంత అప్పగించినా పూర్తయిందో లేదో చెప్పలేం. 2005 సెప్టెంబరు 26న ఐఆర్‌ఏ ఆయుధాలు పోయాయని డి చాస్టలిన్ ప్రకటించగలిగింది తాను చూసిన సరుకు ఆ అంచనాలకు సరిపోలింది కాబట్టే.

రెండోది, అప్పగించిన తుపాకీని ఫోరెన్సిక్ పరీక్షకు పంపబోమని, కేసుల్లో సాక్ష్యంగా వాడబోమని చట్టం చేయాలి. 1997లో ఆ చట్టం వచ్చింది. హత్యకు గురైనవాళ్ళ కుటుంబాలకు ఇది చాలా బాధాకరమైన నిబంధన, వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. కానీ అది లేకపోతే ఒక్క పిస్తోలు కూడా బయటికి రాదు.

మూడోది సాక్ష్యం. 2004 డిసెంబరులో ఒక పెద్ద రాజకీయ ఒప్పందం చివరి క్షణంలో ఫొటోల దగ్గర ఆగిపోయింది. ఆయుధాలు ధ్వంసమవుతున్న ఫొటోలు కావాలని, బ్రిటన్‌తోనే ఉండాలనే పార్టీ డీయూపీ నాయకుడు ఇయాన్ పెయిస్లీ పట్టుబట్టారు. అది తమను అవమానించడమేనని ఐఆర్‌ఏ ఒప్పుకోలేదు. మరుసటి ఏడు ఫొటోలకు బదులు ఇద్దరు మతాచార్యులను సాక్షులుగా కూర్చోబెట్టారు: క్యాథలిక్ ఫాదర్ అలెక్ రీడ్, ప్రొటెస్టెంట్లలో మెథడిస్టు శాఖ పాస్టర్ హెరాల్డ్ గుడ్. రెండు వర్గాలూ నమ్మే ఇద్దరు కళ్ళారా చూశామని చెబితే కెమెరా లేని లోటు చాలావరకు తీరింది. లాయలిస్టుల వంతు తర్వాత వచ్చింది. 2009 జూన్‌లో యూవీఎఫ్, 2010 జనవరిలో యూడీఏ ఆ పని పూర్తిచేశాయి. రక్షణ ఇచ్చే చట్టం గడువు 2010 ఫిబ్రవరిలో ముగియబోతోందని అందరికీ ముందే తెలుసు. గడువు పెట్టండి, అది పొడిగించబోమని నమ్మేలా చేయండి.

కమిషన్ ఎలా ఉండాలి

సభ్యులు నలుగురు చాలు. నియమించేది మాత్రం ఒక్క ప్రభుత్వం కాకూడదు. ఐఎంసీలో లార్డ్ ఆల్డర్‌డైస్ స్థానిక రాజకీయం నుంచి, జో బ్రాస్నన్ ఐర్లండ్ న్యాయశాఖ నుంచి, జాన్ గ్రీవ్ లండన్ పోలీసు నుంచి, రిచర్డ్ కెర్ అమెరికా సీఐఏ నుంచి వచ్చారు. ఈ కూర్పులో తెలివి ఉంది. పోలీసు ఫైలు చేతికిస్తే అందులో ఏది పసలేని మాటో పట్టుకోగలవాడు ఒకడైనా ఉండాలి. రాజకీయ నాయకుడు ఫోన్ చేసినా జంకనివాడు ఇంకొకడు ఉండాలి.

కమిషన్‌ను రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో పుట్టించండి. మంత్రి ఆదేశంతో పుట్టినదాన్ని తర్వాతి మంత్రి మూసేస్తాడు. ఐఆర్‌సీ ఒప్పందం మీద 2016 సెప్టెంబరు 13న సంతకాలయ్యాయి, రెండు దేశాల్లో చట్టాలు కావాల్సి వచ్చాయి, పని మొదలైంది 2017 ఆగస్టులో, మొదటి నివేదిక 2018 అక్టోబరులో వచ్చింది. సంతకం నుంచి మొదటి నివేదికకు రెండేళ్ళు. మీ ప్రణాళికలో ఈ రెండేళ్ళు వేసుకోండి. పరిధిలో మూడు హద్దులు కూడా రాసుకోవాలి: ఎవరి ప్రాణానికీ ముప్పు రాకూడదు, నడుస్తున్న కేసు చెడకూడదు, దేశ భద్రతకు హాని జరగకూడదు.

ఏం లెక్కపెట్టాలి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బాంబులు తగ్గాయి, హత్యలు తగ్గాయి, కాబట్టి సంఘం పోయిందంటారు. సంఘం వీధిలో వేసిన పట్టు ఆ అంకెల్లో కనిపించదు.

అక్కడి పోలీసు శాఖ పీఎస్‌ఎన్‌ఐ భద్రతా పరిస్థితి గణాంకాలు క్రమం తప్పకుండా వేస్తుంది. మరణాలు, కాల్పులు, బాంబులు, దొరికిన ఆయుధాలు, ఉగ్రవాద చట్టం కింద అరెస్టులతో పాటు పారామిలిటరీ తరహా దాడులని ఒక పద్దు ఉంటుంది. అందులో తుపాకీతో కాల్చినవి వేరు, కొట్టినవి వేరు. సంఘం తన సొంత వర్గంవాళ్ళకు వేసే శిక్షలివి. గంజాయి అమ్మాడనో, దొంగతనం చేశాడనో, ఎదురు మాట్లాడాడనో కుర్రాడికి మోకాళ్ళలో, చీలమండల్లో తూటా దించుతారు.

ఈ శిక్షలు కొన్ని ముందే టైము చెప్పి వేస్తారు. ఫలానా రాత్రి ఫలానా సందు వెనక్కి రమ్మని కబురొస్తుంది. కొన్నిసార్లు కన్నవాళ్ళే నొప్పి మాత్రలు మింగించి, కాస్త మందు పట్టించి కొడుకును అక్కడికి తీసుకెళ్తారు. తీసుకెళ్ళకపోతే ఇంతకన్నా ఘోరం జరుగుతుందని వాళ్ళ భయం. ఆస్పత్రిలో పోలీసు అడిగితే ఎవరో తెలియదంటారు. పేరు చెప్తే ఇన్‌ఫార్మర్ ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఎంత బరువో తెలంగాణ, ఆంధ్ర ఏజెన్సీ ఊళ్ళలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఒక్క ఘటన గణాంకాల్లో ‘1’గా పడుతుంది. అదే వీధిలో ఆ సంగతి విని నోరు మూసుకున్న వందమంది ఎక్కడా పడరు.

అందుకే దాడుల పట్టిక తగ్గుముఖం పట్టిందని సంతోషించే ముందు ఆ పక్కనే ఇంకో నాలుగు లెక్కలు పెట్టుకోండి.

బెదిరింపు వల్ల ఇల్లు వదిలినవాళ్ళు: ఇది ప్రభుత్వ ఇళ్ళు చూసే హౌసింగ్ ఎగ్జిక్యూటివ్ దగ్గర దొరుకుతుంది. ఒక జాగ్రత్త. బెదిరింపు కారణంగా ఇల్లు పోయిందని తేలితే కేటాయింపులో చాలా ఏళ్ళ పాటు 200 పాయింట్లు ఇచ్చారు. అంత పెద్ద లాభం ఉన్నచోట అబద్ధపు దరఖాస్తులూ వస్తాయి, అలాంటి ఇల్లు ఇప్పిస్తామని సంఘాలే బేరం పెట్టే అవకాశమూ ఉంటుంది. అంకెను అలాగే వాడకండి, బెదిరింపు నిజమేనని ఎవరు నిర్ధారించారో అడగండి.

జనం అభిప్రాయం: ఏటా జరిగే ఒక సర్వేలో ‘మీ ప్రాంతం మీద ఈ సంఘాల అదుపు ఉందా’, ‘భయం పుట్టిస్తున్నాయా’ అనే ప్రశ్నలు చేర్చారు. మంచి ప్రశ్నలే. కానీ మొత్తం ఉత్తర ఐర్లండ్‌కు సగటు తీస్తే ఏమీ తెలియదు. సంపన్న శివార్లలో ఈ సంఘాల ఊసే ఉండదు, సంఘాల పట్టున్న షాంకిల్, క్రెగన్ లాంటి పేటల్లో గోడలన్నీ వాటి రాతలే. వార్డు వారీ అంకె లేని సర్వే ఈ పనికి చాలదు.

అప్పులు: సంఘం మనుషులు క్రిస్మస్ ముందు, స్కూళ్ళు తెరిచే ముందు చేబదుళ్ళిస్తారు. వాయిదా తప్పితే ప్రభుత్వ భృతి పడే బ్యాంకు కార్డు లాక్కుంటారు. కొందరిని బాకీ కింద డ్రగ్స్ దాచిపెట్టమంటారు, మోయమంటారు. ఇవి పోలీసు ఫిర్యాదుల్లోకి దాదాపు రావు. అప్పుల సలహా కేంద్రాలు, ఫుడ్ బ్యాంకులు, స్కూలు టీచర్లను అడిగితేనే బయటపడతాయి.

గోడలు, జెండాలు: కొత్త రంగు వేసిన ముసుగు మనిషి బొమ్మ, దీపస్తంభానికి కట్టిన సంఘం జెండా. వాటిని ఎవరు పెట్టారన్నదాని కన్నా ఎవరూ ఎందుకు తీయలేకపోయారన్నది ముఖ్యం. మునిసిపాలిటీవాళ్ళు తీయడానికి భయపడ్డ జెండాలెన్నో లెక్కపెట్టండి.

మనిషి చేశాడా, సంఘం చేయించిందా

నివేదిక రాసేటప్పుడు అన్నిటికన్నా కష్టమైన వాక్యం ఇదే. ఒక హత్యలో సంఘం సభ్యుడున్నాడని తేలితే నాలుగు మెట్లు విడివిడిగా రాయాలి: సభ్యుడు సొంత పని మీద చేశాడు, స్థానిక దళం చేసింది, నాయకత్వానికి తెలుసు, నాయకత్వం ఆదేశించింది. ఈ మెట్లు కలిపేస్తే ఒక వాక్యంతో ప్రభుత్వం పడిపోతుంది. 2015 ఆగస్టులో రాజధాని బెల్‌ఫాస్ట్‌లో మాజీ ఐఆర్‌ఏ సభ్యుడు కెవిన్ మెక్‌గిగన్ హత్య జరిగినప్పుడు ఐఆర్‌ఏ నిర్మాణం ఇంకా ఉందని పోలీసు చీఫ్ అన్న మాటతోనే స్టార్మాంట్ ప్రభుత్వం, అంటే రెండు వర్గాల పార్టీలు కలిసి నడిపే ఉత్తర ఐర్లండ్ సొంత ప్రభుత్వం, కూలే అంచుకు వచ్చింది. అప్పటికి ఐఎంసీ మూతపడి నాలుగేళ్ళయింది, స్వతంత్రంగా తూచి చెప్పే సంస్థ ఏదీ లేదు. పోలీసులూ, బ్రిటన్ అంతర్గత నిఘా సంస్థ ఎంఐ5 కలిసి ఒక అంచనా రాసి, దాన్ని ముగ్గురు బయటివాళ్ళతో తనిఖీ చేయించాల్సి వచ్చింది. పర్యవేక్షక సంస్థను తొందరపడి మూయకండి. మళ్ళీ కావాల్సి వచ్చేనాటికి మనుషులూ ఉండరు, ఫైళ్ళ మీద పట్టూ ఉండదు.

ఐఎంసీ కోర్టు కాదు, నిఘా సమాచారం మీద ఆధారపడి పేర్లు చెప్పింది. 2004 డిసెంబరు 20న నార్తర్న్ బ్యాంకు నుంచి 2.65 కోట్ల పౌండ్లు దోచుకెళ్తే, తమకు సంబంధం లేదని ఐఆర్‌ఏ చెప్పినా, 2005 ఫిబ్రవరి నివేదికలో అది వాళ్ళ పనేనని రాసి ఐఆర్‌ఏతో ముడిపడిన రాజకీయ పార్టీ సిన్ ఫెయిన్‌కు ఆర్థిక శిక్ష సిఫార్సు చేసింది. ఆ ఒత్తిడి ఉపయోగపడిందని మా అభిప్రాయం. అదే ఏడు జూలై 28న ఐఆర్‌ఏ సాయుధ పోరు ముగించామని ప్రకటించింది. వేరే కారణాలూ ఉన్నాయి, కానీ ఆరు నెలలకోసారి ఎవరో పేరు పెట్టి రాస్తారన్న భయం చిన్నది కాదు. ఐఆర్‌సీ అలా వేలు చూపదు, ప్రభుత్వాలు చేస్తున్న పని ఎంతదాకా వచ్చిందో చూస్తుంది. ఈ నివేదికలు చదివేటప్పుడు ఆ తేడా మరిచిపోతే దొరకనిదాని కోసం వెతుకుతారు.

రెండు చేతులూ కలిసి పనిచేయాలి

ఆ 2015 సంక్షోభం తర్వాత ఈ సంఘాలను అంతం చేసే పని మొదలైంది: 2015 నవంబరు 17న ఫ్రెష్ స్టార్ట్ అనే రాజకీయ ఒప్పందం, 2016 జూన్‌లో ముగ్గురు సభ్యుల బృందం 43 సిఫార్సులు, జూలైలో కార్యాచరణ. ఐదేళ్ళకు 5 కోట్ల పౌండ్లు, సగం లండన్, సగం బెల్‌ఫాస్ట్. ఇక ఈ డబ్బు ఎలా పంచాలి?

ఒక చేయి పోలీసుది. 2017లో పీఎస్‌ఎన్‌ఐ, జాతీయ నేర సంస్థ, పన్నుల శాఖ కలిసి ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టాయి. పన్నుల శాఖ అందులో ఉండటం అలంకారానికి కాదు. సంఘాల ఆదాయంలో సిగరెట్ల స్మగ్లింగ్, డీజిల్ శుద్ధి పెద్ద వాటాలు. ట్రాక్టర్లకిచ్చే రాయితీ డీజిల్‌కు రంగు కలుపుతారు, దాన్ని యాసిడ్‌తో తీసేసి మామూలు ధరకు అమ్మేవాళ్ళు. మిగిలిన విషపు మడ్డిని రోడ్ల పక్కన పారబోస్తే శుభ్రం చేసే ఖర్చు మునిసిపాలిటీల మీద పడేది. 2015 ఏప్రిల్ నుంచి బ్రిటన్, ఐర్లండ్ రెండూ యాసిడ్‌కు సులువుగా లొంగని కొత్త గుర్తు రసాయనం కలపడంతో ఆ వ్యాపారం బాగా పడిపోయింది. ఎన్ని దాడులు చేసినా రానిది ఒక రసాయనంతో వచ్చింది. ఆదాయ మార్గాన్ని వెతికి అక్కడ కొట్టండి. 50,000 పౌండ్లు దాటిన ఆస్తి ఎలా వచ్చిందో చెప్పమని అడిగే కోర్టు ఉత్తర్వులు ఉత్తర ఐర్లండ్‌లో 2021లోనే అమల్లోకి వచ్చాయి. అది ఆలస్యమే.

రెండో చేయి చదువు, ఉపాధి, మానసిక ఆరోగ్యం. ప్రొబేషన్ శాఖ 16 నుంచి 30 ఏళ్ళ కుర్రాళ్ళకు ఒక్కొక్కరికీ మార్గదర్శిని ఇచ్చే ఆస్పైర్ అనే పథకం నడిపింది. సంఘాల పట్టు గట్టిగా ఉన్న ఎనిమిది ప్రాంతాలను విడిగా ఎంచుకున్నారు. ఇవన్నీ పనికొచ్చేవే. దెబ్బతీసింది నిధుల తీరు. ఏడాదికో, రెండేళ్ళకో పొడిగింపు ఇస్తుంటే మంచి యువజన కార్యకర్త మార్చిలో ఉద్యోగం ఉంటుందో లేదో తెలియక జనవరిలోనే వేరే పని చూసుకుంటాడు. ఏడాది కష్టపడి ఒక కుర్రాడి నమ్మకం సంపాదించిన మనిషి వెళ్ళిపోతే ఆ కుర్రాడి తలుపు తట్టడానికి సంఘంవాడు సిద్ధంగా ఉంటాడు. పైగా స్టార్మాంట్ ప్రభుత్వం 2017 జనవరి నుంచి మూడేళ్ళు, 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్ళు లేనేలేదు. మంత్రి లేకపోయినా ఖర్చు ఆగకుండా నడిచే ఏర్పాటు మొదటి రోజే రాసుకోవాలి.

డబ్బు ఎవరి చేతిలో పడుతోంది

వీధిలో పని చేయాలంటే అక్కడివాళ్ళు కావాలి. అక్కడివాళ్ళలో మాజీ సభ్యులుంటారు. వాళ్ళలో నిజంగా మారినవాళ్ళు చాలా మంచి పని చేస్తారు, ఇంకెవరూ ఆపలేని గొడవను వాళ్ళు ఒక్క ఫోన్‌తో ఆపుతారు. చిక్కు కూడా అక్కడే. ఆ ఫోన్‌కు బలం ఎక్కడి నుంచి వచ్చింది? సంఘం నుంచే అయితే మీరు గ్రాంటు ఇచ్చి సంఘాన్నే బతికిస్తున్నారు.

తేల్చుకోడానికి మూడు విషయాలు పరిశీలించండి. ఆ సంస్థ గుమ్మంలోకి అవతలి దళానికి చెందినవాడో, ఏ దళమూ లేని ఆడమనిషో భయం లేకుండా రాగలదా? సంస్థ బోర్డు సభ్యులు మారుతున్నారా, లేక పదేళ్ళుగా అవే నాలుగు పేర్లా? గొడవ ఆపాక దాన్ని పోలీసుల దాకా తీసుకెళ్తున్నారా, తామే తీర్పు చెప్పి పంపేస్తున్నారా? మూడోదానికి జవాబు రాకపోతే గ్రాంటు ఆపండి.

తలుపు

కొట్టడమూ, ఊరట ఇవ్వడమూ చేస్తూనే సంఘానికి బయటికి వెళ్ళే దారి చూపాలా? ఐఆర్‌సీ ఏళ్ళుగా చూపాలనే అంటోంది. నేరగాళ్ళతో చర్చలేంటని విమర్శకులు అడుగుతారు. బాధిత కుటుంబం అడిగినప్పుడు ఆ ప్రశ్నకు ఎదురు చెప్పడం ఎవరికీ సులువు కాదు. మా లెక్క ఇది: చర్చకు విషయం డబ్బు కాకూడదు, ముగింపు ఒక్కటే కావాలి. నియామకాలు ఆపడం, వసూళ్ళు ఆపడం, నాయకత్వాన్ని రద్దు చేయడం తేదీలతో సహా ఒప్పుకుంటేనే తలుపు తెరుచుకోవాలి.

ఆ తలుపు అవతల ఏముందో కూడా ముందే రాసి ఉండాలి. 2017లో రెడ్ హ్యాండ్ కమాండో అనే లాయలిస్టు సంఘం తన మీద నిషేధం ఎత్తేయమని దరఖాస్తు పెట్టుకుంది, ప్రభుత్వం తిరస్కరించింది. తిరస్కరణ తప్పని మేం అనడం లేదు. కానీ ఏం చేసి చూపిస్తే నిషేధం పోతుందో మెట్లవారీగా రాసిన పత్రం లేకపోతే మిగతా సంఘాలు కదిలేందుకు కారణం ఉండదు. అలాగే శిక్ష అనుభవించి పాతికేళ్ళ కిందట బయటికొచ్చినవాడికి పాత కేసు చూపి ఉద్యోగం నిరాకరించడాన్ని 1998నాటి ఉద్యోగ వివక్ష ఉత్తర్వు ఆపలేదు. హింసను సమర్థించినవాళ్ళకు ఆ రక్షణ వర్తించదని అందులోనే ఉంది. బీమా, బ్యాంకు రుణం, అమెరికా వీసా దగ్గరా అదే అడ్డు. సంఘం తప్ప ఇంకెవరూ పని ఇవ్వని మనిషి సంఘంలోనే ఉంటాడు.

2025లో లండన్, డబ్లిన్ ప్రభుత్వాలు ఈ చర్చలకు వీలుందో లేదో పరిశీలించడానికి ఫ్లర్ రావెన్స్‌బెర్గెన్ అనే స్వతంత్ర నిపుణురాలిని కలిసి నియమించాయి. ఇలాంటి పరిశీలన నుంచి వచ్చే పత్రం చేతికి అందినప్పుడు ముందు చివరి పేజీలు తిప్పండి. సంఘం మాట తప్పితే దాన్ని ఎవరు ప్రకటిస్తారు, ఎన్ని రోజుల్లో ప్రకటిస్తారు, ఆ తర్వాత ఏ నిధి ఆగుతుంది, ఏ కేసు మళ్ళీ తెరుస్తారు అన్నవి రాసి ఉన్నాయో లేదో చూడండి. వాటి తర్వాత, బెదిరింపుతో ఇల్లు వదిలి వెళ్ళిన కుటుంబం తిరిగి అదే వీధిలోకి రావడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదని హామీ ఉందేమో వెతకండి.